ఎరుపూ ఉంది, ఆరూ ఉంది

మా షాపు యాప్‌లో “ఎర్ర బూట్లు, ఆరో నంబరు” అని వెతికితే ఒక మోడల్ టకీమని వచ్చింది. తీరా నొక్కి చూస్తే అందులో ఎరుపు ఉన్నది తొమ్మిదో నంబరులో. ఆరో నంబరు ఉన్నది నీలంలో.

మేనేజరుకి చూపించాను.

“ఎరుపు ఉందా? ఉంది. ఆరు ఉందా? ఉంది. ఇంక తప్పేంటమ్మా?”

“రెండూ ఒకే జతలో లేవు సర్. మోడల్‌ని తల్లి అనుకుంటే జతలన్నీ దాని పిల్లలు. మనం పిల్లల రంగులూ సైజులూ కలిపి ఒకే మూట కట్టేశాం. ఏ పిల్లకా పిల్లని విడిగా వెతకాలి.”

“కొనేవాళ్లకి అంత పట్టింపు ఉండదులే.”

చూసుకోకుండా కొన్నవాళ్లు తిప్పిపంపిన డబ్బాలు ఆయన క్యాబిన్ గుమ్మందాకా పేరుకున్నాక ఆయనకే పట్టింపు పుట్టుకొచ్చింది. మూడు ఆదివారాలు ఒక్కదాన్నే కూర్చుని ప్రతి జతకీ తల్లి కిందే విడి రికార్డు పెట్టాను. ఇప్పుడు రంగూ సైజూ ఒకే పిల్లలో కుదిరితేనే ఆ తల్లి తెరమీదికి వస్తుంది.

వార్షిక సభలో యాప్ బాగుచేసినందుకు ఇచ్చిన షీల్డు అందుకుని మేనేజరు మైకు పట్టుకున్నారు. “మూడు ఆదివారాలు కష్టపడింది మా టీమ్! ఈ అవార్డు కొట్టింది మా టీమ్!”

హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

ఆయన దిగొచ్చి, షీల్డు చంకలో సర్దుకుంటూ అడిగారు. “ఏమ్మా, ఒక్క ముక్కైనా అబద్ధం చెప్పానా?”

“లేదు సర్. కష్టమూ ఉంది, అవార్డూ ఉంది. రెండూ ఒకే జతలో లేవు, అంతే.”

ఆయన మొహంలో రంగు మారింది. “అదేంటి, ఆ బగ్ ఇంకా పోలేదా?”