తొలి మొగలి

మంగరాజు చెప్పులు గుమ్మం లోపల విడుస్తుండగానే మొగలి వాసన గుప్పుమంది. మోచేతుల దాకా ముళ్ల గీతలు. చేతిలో మాత్రం పువ్వు లేదు.

"పువ్వేదండీ?" అంది సత్యవేణి.

"శివాలయంలో ఇచ్చేసేనే. పూజారిగారు అడిగేరు."

సత్యవేణికి ఒళ్లు మండింది. దొంగసాక్ష్యం చెప్పిందని శివుడు శపించిన పువ్వది. ఏ పూజారీ దాన్ని లింగం దరిదాపులకు రానివ్వడు. ఈ మనిషికి అబద్ధమాడటం కూడా సరిగ్గా చేతకాదు.

అల్లవరం దాటాక, రొయ్యల చెరువుల వెనక, సరుగుడు తోపు చివర ఉంది ఆ మొగలి పొద. మిగతావన్నీ చెరువుల కోసం కొట్టేశారు. మొదటిసారి ముళ్లు తగలకుండా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లినప్పుడు, "ఈ చోటు మనిద్దరికే తెలియాలి. ఏటా శ్రావణంలో తొలి పువ్వు నీదే" అన్నాడు. ఆ మాట పట్టుకునే ఆమె బతుకుతోంది. పువ్వు వచ్చిన రోజు వాసన వీధిలోకి పోకుండా కిటికీలు మూసి, రేకులు మడిచి జడలో పెట్టుకునేది. వాడిపోయాక చీరల మడతల్లో దాచుకునేది.

మర్నాడు అమలాపురంలో జాకెట్టు గుడ్డల కొట్లో మళ్లీ అదే వాసన. పక్కన నిలబడ్డ ఆవిడ జడలో పచ్చటి మొగలి రేకులు. ఆవిణ్ణి సత్యవేణి దూరం నుంచి చూసిందే గానీ, ఎన్నడూ లెక్కచేయలేదు.

"ఎక్కడిదండీ పువ్వు? ఇప్పుడెక్కడా దొరకట్లేదు కదా" అంది సత్యవేణి.

"ఆయ్, మావారు కోసి పెట్టేరండి. అల్లవరం అవతల పొద ఉందండి. నన్ను కూడా బండి మీద తీసుకెళ్లేరు" అంది ఆవిడ సిగ్గుపడుతూ.

మావారట. ఎంత ధీమా. సత్యవేణి చేతిలో గుడ్డముక్క అక్కడే పడేసి వచ్చేసింది.

సాయంత్రం మంగరాజు రాగానే నిలదీసింది.

"ఆవిడకి మన పొద చూపించేరా?"

అతను తల దించుకున్నాడు. "వస్తానని వెంటపడింది. కాదనలేకపోయేను."

"మరి నాకిచ్చిన మాట? మిమ్మల్ని నమ్ముకుని అందర్నీ వదులుకున్నాను. నన్నే మోసం చేసేరు."

ఏడ్చింది. తిట్టింది. మళ్లీ ఏడ్చింది.

"ఇంకెప్పుడూ ఆవిడకి పువ్వు ఇవ్వనని నా మీద ఒట్టెయ్యండి."

మంగరాజు ఆమె నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసి, చెప్పులు తొడుక్కుని, ఇంట్లో మొగలిరేకుల జడతో ఎదురుచూస్తున్న పెళ్లాం దగ్గరికి బయల్దేరాడు.