కంచె ఇవతల

"బోల్ట్ తెరిచి చూపించు," అన్నాడు రోజేర్, ట్రక్కు దిగీ దిగకముందే.

"ఇందాక ఇంటి దగ్గర చూపించాగా బావా."

"ఇంకోసారి చూపిస్తే అరిగిపోతుందా?"

అల్సీద్ పళ్ళు కొరుక్కుంటూ తుపాకీ బోల్ట్ లాగాడు. లోపల ఖాళీ. రోజేర్ చూసి ఊరుకోలేదు, చిటికెనవేలు పెట్టి మరీ తడిమాడు. తర్వాత తనదీ తెరిచి చూపించాడు. అతి వినయం ధూర్త లక్షణమని ఊరికే అన్నారా అనుకున్నాడు అల్సీద్.

రోజేర్ అతని వదిన ఒడిల్‌కి తమ్ముడు. సరిగ్గా ఏడాది కిందట ఈ బంగాళాదుంపల పొలం చివర, కంచె దగ్గర, అల్సీద్ అన్న ఫెర్నాన్ తూటా తగిలి చనిపోయాడు. అప్పుడు పక్కనున్నది రోజేర్ ఒక్కడే.

ఫెర్నాన్ చేతిలోని తుపాకే పేలిందని వేట వార్డెన్ తేల్చాడు. కంచె కిందనుంచి జరుపుతుంటే ముళ్ళకొమ్మ మీటకి తగిలిందట. ఆ మాట అల్సీద్‌కి ఏనాడూ మింగుడుపడలేదు. తుపాకీ ఎలా మొయ్యాలో చర్చి హాల్లో ఇరవయ్యేళ్ళు పాఠాలు చెప్పినవాడు ఫెర్నాన్. కంచె దాటి అడవిలో అడుగుపెట్టేదాకా ఒక్క తూటా నింపకూడదన్నది వాళ్ళింటి ఆచారం. నింపని తుపాకీ ఎలా పేలుతుంది? పైగా పేలిన తూటా డొల్ల దొరకనే లేదు. కంగారులో బోల్ట్ లాగానని, మంచులో ఎక్కడో పడిపోయిందని రోజేర్ చెప్పాడు. వార్డెన్ నమ్మేశాడు. "పాఠాలు చెప్పే పంతులే తప్పు చేశాడు" అని ఊరంతా నవ్వుకుంది. అది అల్సీద్ గుండెలో ముల్లులా ఉండిపోయింది.

ఆవేళ తనూ వెంట ఉంటే అన్న దక్కేవాడని అతని బాధ. జ్వరంతో వెళ్ళలేక, రిపేరుకిచ్చిన అన్న తుపాకీకి బదులు తనదే సంచీలో పెట్టి పంపాడు. తూటాలు మాత్రం అన్న తనవే తీసుకెళ్ళాడు. వార్డెన్ తిరిగిచ్చాక దాన్ని పట్టుకోవడం ఇదే మొదలు.

"నువ్వు ముందు నడువు బావా," అన్నాడు. ఈ మనిషికి వీపు చూపించే ప్రసక్తే లేదు.

"సరే. నా తుపాకీ మూతి ముందుకుంటుంది. నీది ఆకాశంవైపు ఉంచు. రెండు చేతుల్తో గుండెకి అడ్డంగా పట్టుకో."

"అన్నయ్య నాకూ నేర్పాడులే."

"నేర్పాడు. నువ్వు విన్నావా అని."

దారిపొడుగునా రోజేర్ నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి అల్సీద్ చేతులవంకే చూశాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోక ఏం చేస్తాడు?

ఓ మొద్దు మీద కూర్చుని, గోధుమరంగు అట్ల డబ్బా తెరిచారు. అల్సీద్ జేబులోంచి తూటాలు తీసి తుడుచుకున్నాడు. అవి అతను ఇంట్లోనే తయారుచేసుకుంటాడు. చెమ్మ దిగకుండా అడుగున పెళ్ళాం లోరెట్ గోళ్ళరంగు పూస్తాడు. ఈ పిచ్చి ఊళ్ళో ఇంకెవరికీ లేదు.

"తూటాల్ని పెళ్ళికూతుళ్ళని చేస్తున్నావేంట్రా అనేవాడు అన్నయ్య," అన్నాడు అల్సీద్.

ఎప్పుడూ ముందు నవ్వేవాడు రోజేర్. ఇప్పుడు నవ్వలేదు. అట్టు ముక్క మళ్ళీ డబ్బాలో పెట్టేసి లేచాడు.

కంచె దగ్గర ఒకడు దాటుతుంటే రెండోవాడు రెండు తుపాకులూ పట్టుకోవాలి. రోజేర్ తనది అందించి తీగ మీద ఓ కాలు వేశాడు.

"ఇక్కడే కదూ బావా?"

రోజేర్ ఆగిపోయాడు. "ఇంటికి పోదాం పద."

"అన్నయ్యని ఎందుకు చంపావ్?"

"అల్సీద్, వద్దు."

"ఆ డొల్ల ఎక్కడ దాచావో చెప్పు. లేదంటే ఇటునుంచి ఇటే వార్డెన్ దగ్గరికి పోతా. వదినకి నిన్ననే చెప్పేశా, నీ తమ్ముడే నీ పసుపుకుంకాలు తుడిచాడని."

రోజేర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "అక్కతోనా? ఏమంది?"

"ఏమీ అనలేదు. గోడ మీంచి నీ ఫోటో తీసేసింది."

రోజేర్ కాలు వెనక్కి తీసుకుని, ఇవతలే మంచులో కూలబడ్డాడు.

"పోయినవాడికి నింద పడ్డా నొప్పి తెలీదు. ఉన్నవాడు బతకాలి కదా అనుకున్నా."

"ఆ ఉన్నవాడివి నువ్వేగా," అన్నాడు అల్సీద్ వెటకారంగా.

రోజేర్ చొక్కా లోపలి జేబులోంచి పొగాకు డబ్బా తీశాడు. అందులోని ఇత్తడి డొల్లని అల్సీద్ అరచేతిలో పెట్టి, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఆవేళ ఫెర్నాన్ పక్కనున్న తుపాకీలోంచి తీశాను. వార్డెన్ రాకముందే."

"అబద్ధం. ఇది నీ తుపాకీదే," అంటూ అల్సీద్ దాన్ని తిరగేశాడు.

అడుగున లోరెట్ గోళ్ళరంగు ఎర్రగా మెరిసింది.