ఆరు పూలగంపలు

"బావా! డ్రైవరు పడిపోయినాడు!"

వెనకనుంచి బామ్మర్ది జనార్దనం అరుపు విని ఆదికేశవులు శెట్టి పక్కకు తిరిగాడు. పైలట్ రాజమాణిక్యం సీట్లోనే ముందుకు ఒరిగిపోయి ఉన్నాడు. తల రొమ్ముమీదికి వాలింది. చేతులు రెండూ కిందికెక్కడికో జారిపోయాయి. హెలికాప్టరు మాత్రం కడంబత్తూరు దాటి, రైలుపట్టాల వెంబడి తిరుత్తణివైపు పోతూనే ఉంది.

శెట్టి అతని భుజం పట్టి ఊపాడు. హెలికాప్టరు కూడా ఊగింది. నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తిరువళ్ళూరులో ఎక్కినప్పటినించీ చెప్తివే, ఇదేమీ బ్రమ్మవిద్దె కాదు, లారీ తోలేవాడు దీన్నీ తోల్తాడని! తోలు బావా, తోలు!"

"నోరు ముయ్యరా! స్టీరింగే లేదు, దేన్ని పట్టుకోని తోలేది?"

ఎదురుగా పలకమీద ఇరవై ముళ్ళు ఇరవై రకాలుగా వణుకుతున్నాయి. తన శెనక్కాయల మండీలో తక్కెడముల్లు చెప్పినట్టు వాటిలో ఒక్కటీ నిజం చెప్పేలా లేదు.

హెలికాప్టరు దిగసాగింది. తాటితలలు పెద్దవవుతున్నాయి. అది ఒక పక్కకు వాలడంతో, పూలు చల్లేందుకు తలుపు తీసేసిన గుమ్మంలోంచి, వెనకున్న ఆరు పూలగంపల్లో ఒకటి జారి పడిపోయింది. మరుక్షణం హెలికాప్టరు పైకి లేచింది.

శెట్టి కళ్ళు మెరిశాయి. ముప్ఫై ఏళ్ళు తూకం వేసిన మనిషికి ఈ సంగతి ఒకరు నేర్పాలా?

"బరువురా! బరువు తగ్గితే లేస్తాది! వీడికి తెలివొచ్చేదాకా పైనుంటే సాలు. ఇంకొకటి పారెయ్!"

జనార్దనం రెండో గంప తోశాడు. లేచింది. కాస్త దూరం పోయి మళ్ళీ దిగింది. మూడోది తోశాడు. లేచింది.

"పూలన్నీ ఈడే పారేస్తే అమ్మవారి గుడిమీద ఏం సల్లేది బావా? కుంభాభిషేకానికి పూలవాన కురిపిస్తామని అక్క ఊరంతా సెప్పుకోనుండాది. సంపేస్తాది!"

"సంపేదానికైనా మనం బతికుండాల గదరా! పారెయ్!"

నాలుగోది పోయింది. ఐదోది పోయింది. ఇక మిగిలింది ఒక్కటే. తిరుత్తణి కొండ కనబడింది. అంతలో హెలికాప్టరు అంతకుముందు లేనంత కిందికి దిగింది. ఎదురుగా రైలు కరెంటు తీగలు.

"కడాది కూడా పారెయ్!"

"ఇదొక్కటీ ఉండనీ బావా, నీకు మొక్కుతా. దోసెడు పూలైనా అమ్మవారిమీద పడాల." జనార్దనం గుమ్మం పక్కన మోకాళ్ళమీద కూర్చుని గంపను రెండు చేతులా కావలించుకున్నాడు.

తీగలు దగ్గరకొచ్చేశాయి. శెట్టి బెల్టు విప్పి వెనక్కి వంగాడు. గంపను చూశాడు. తడిపూలు, మహా అయితే పది కిలోలు. గంపను పట్టుకున్న మనిషిని చూశాడు. డెబ్బై ఐదుకు తక్కువుండడు.

ఆయన తోసింది గంపను కాదు.

"బావా!" అన్న కేక సగంలోనే రెక్కల మోతలో కలిసిపోయింది. గంపతోబాటే మనిషీ పోయాడు. హెలికాప్టరు ఒక్క కుదుపు కుదిపి, తీగలమీదుగా జివ్వున లేచింది.

శెట్టి సీట్లో కూలబడి మొహం తుడుచుకున్నాడు. కాలు జారినాడని చెప్పాలి. పట్టుకోబోతే అందలేదని చెప్పాలి. పెళ్ళాం కన్యకాంబ ఏడుస్తుంది. తమ్ముడు కదా, ఏడవనీ. కానీ నమ్ముతుంది.

పక్కన ఎవరో పకపకా నవ్వారు.

రాజమాణిక్యం నిటారుగా కూర్చుని ఉన్నాడు. నవ్వి నవ్వి అతని కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఎన్న శెట్టియారే, బయపడిపోయినారా? నాకేమీ కాలేదు, లారీ తోలేవాడు దీన్నీ తోల్తాడంటిరే, సుమ్మా తమాషాకి ఆటాడినా. ఓరకంట దారి సూసుకుంటానే ఉండినా. దించిందీ నేనే, గంప పోయి బరువు తగ్గినప్పుడంతా పైకెత్తిందీ నేనే!"

రాజమాణిక్యం కళ్ళు తుడుచుకుని, ఎదుటినుంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"అయితే ఆ కడా గంప మాత్రం శానా బరువు శెట్టియారే, బండి నా చేతిలోంచి జారిపోబోయింది. ఏముండె దాంట్లో?"