ఎదురింటి పిల్ల

“ఎదురింటి ప్రణీతనా? బంగారమమ్మా, బంగారం!” అంది నఫీసా కత్తెర పక్కన పెడుతూ.

సీతాబాయికి ఆ మాట మింగుడుపడలేదు. పెద్ద మేనల్లుడికి సంబంధం చూసినప్పుడు కూడా ఆ వాడలో అందరూ ఇదే పాట పాడారు. ఆ పిల్ల మనసు వేరొకరి మీద ఉందని అందరికీ తెలుసు, చెప్పిన నోరు మాత్రం ఒక్కటీ లేదు. ఆర్నెల్లకే కాపురం విరిగింది. తల్లిదండ్రులు లేని ఆ అన్నదమ్ములను రెక్కలు ముక్కలు చేసుకుని పెంచిన మేనత్త ఆమె. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసే చిన్నోడు మహిధర్ విషయంలోనూ మోసపోతే ఇక తట్టుకోలేదు. అందుకే రేపు ఆదివారం ఆరాధన కాగానే పెళ్లిచూపులని పాస్టరు చెప్పినా, ఇవాళే చెప్పాపెట్టకుండా కోహీర్‌లో బస్సెక్కి జహీరాబాద్‌లో దిగింది. ఫోటో పంపుతామంటే వద్దంది. ఫోటోలో ముఖం కనిపిస్తుంది గానీ గుణం కనిపిస్తుందా?

ఎదురిల్లు తాళం వేసి ఉంది. అదీ మంచిదే అనుకుని, జాకెట్టు కుట్టించుకునే నెపంతో నఫీసా కుట్టు దుకాణంలో కూర్చుంది. నిజం కోసం వచ్చిన తాను అబద్ధంతో మొదలుపెట్టానని ఆమెకు తోచనేలేదు.

మిషన్ మీద ఒక అమ్మాయి కుడుతోంది. తల మీద చున్నీ ఉంది. మసీదు నుంచి అజాన్ వినిపించగానే మిషన్ ఆపి, అది పూర్తయ్యేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నఫీసా ఇంటి పిల్లే అయి ఉంటుందనుకుంది సీతాబాయి.

“నీకు గూడ తెల్సా బిడ్డా, ఆ ఇంటి ముచ్చట?”

“తెలుసమ్మా. అసలు నేను...”

“దానికేం తెల్సు! పని జేసుకోనియ్యిన్రి,” నఫీసా అడ్డం పడింది. “నన్నడుగున్రి. పిల్లకు రోగం లేదు, నొప్పి లేదు.”

“ఫిట్స్ ఉన్నయమ్మా,” అంది మిషన్ మీది అమ్మాయి.

నఫీసా ఆమె వైపు ఉరిమి చూసింది.

“చిన్నప్పటి సంది ఉన్నయ్. నాలుగేండ్లాయె, మళ్ల రాలే. కానీ రోజు గోలీ మింగాలె. ఎన్నేండ్లో డాక్టర్ గూడ చెప్పలే.”

“పాస్టరు గీ మాట చెప్పలేదే?”

“ఆయనకు తెల్వది. పెండ్లైనంక చెప్దామని ఇంట్ల పెద్దోళ్లు అనుకుంటున్నరు. భయం వాళ్లది. నాకైతే మంచిగనిపించలే.”

“యా అల్లా! జర చుప్ ఉండవే!” నఫీసా తల పట్టుకుంది. “అమ్మా, దీని మాటలు పట్టించుకోకున్రి.”

సీతాబాయికి అనుమానం వచ్చింది. ఎదురింట్లో పెళ్లి కుదురుతుంటే ఓర్వలేని కళ్లు ఏ వాడలోనైనా ఉంటాయి.

“ఆ పిల్ల మీద నీకేమన్న కోపమా?”

“లేదమ్మా,” ఆ అమ్మాయి నవ్వింది.

“మరి ఒక్క మంచి మాటన్న చెప్పవైతివి?”

“మంచియన్ని నఫీసా ఖాలా చెప్పింది గదా. మిగిలినయి నేను చెప్తున్న. వంట అంతంతే. ఇంటర్ రెండోసారికి గట్టెక్కింది. కోపమొస్తే రెండు పూటలు నోట్ల మాట రాదు.”

“ఇంతకుముందు ఏదన్న సంబంధం వచ్చిందా?”

“వచ్చింది. గోలీల ముచ్చట తెల్వంగనే వెనక్కి మళ్లిన్రు.”

“పాపిష్టోళ్లు!”

“అట్లనకున్రి అమ్మా. వాళ్ల కొడుకు కోసం వాళ్లు భయపడ్డరు. అండ్ల తప్పేమున్నది?”

సీతాబాయి ఆ అమ్మాయిని కొత్తగా చూసింది. “ఇవన్ని నాకెందుకు చెప్తున్నవ్?”

“మీరడిగిన్రు గదా. అబద్ధం చెప్పి దేవుని ముందట మోకాళ్ల మీద ఎట్ల కూసుంట?”

సీతాబాయి లేచి కొంగు సర్దుకుంది.

“గోలీలకు నేను భయపడ. మా ఆయన షుగరుకు ఇరవై ఏండ్ల సంది మింగుతుండు, మా కాపురం ఆగిందా? కానీ దాచేటోళ్ల ఇంటి పిల్లను తెచ్చుకోను. ఒకసారి చెయ్యి కాలింది. రేపు రామని పాస్టరుకు చెప్త.”

నఫీసా ముఖం వాడిపోయింది. ఆ అమ్మాయి కళ్లు దించుకుంది గానీ, చెప్పిన మాట ఒక్కటీ వెనక్కి తీసుకోలేదు.

గడప దాటబోతూ సీతాబాయి ఆగింది. ఇంత వయసొచ్చినా ఇలాంటి మనిషిని ఆమె చూడలేదు. ఆ పిల్ల మీద ముచ్చటేసింది, గౌరవమూ కలిగింది. వెనక్కి వచ్చి తల మీద చెయ్యి వేసింది.

“నువ్వు మా చర్చి పిల్లవైతే, కండ్లు మూసుకొని మా మహిధర్‌కు నిన్నే అడుగుదును బిడ్డా. ఇంతకూ నీ పేరేంది?”

ఆ అమ్మాయి తలెత్తింది.

“ప్రణీత నేనేనమ్మా.”