మూడో అడుగు

మీరూ నవ్వారు, బుకాయించకండి.

సింగపూర్‌లోని చోవా చూ కాంగ్ మైదానంలో అమెరికన్ ఫుట్‌బాల్ ప్రాక్టీసు. బాస్కెట్‌బాల్ నుంచి వచ్చిన చాందిని అందరికంటే ఎత్తుకు ఎగిరి బంతి పట్టింది. రెండడుగులు వేసి ఠక్కున ఆగిపోయింది. అందరూ నవ్వారు. పాత ఆటలో బంతి చేతబట్టి మూడో అడుగు వేస్తే తప్పు మరి.

"బాస్కెట్‌బాల్ వాళ్ళకి ఈ ఆట అబ్బదని చెప్పానా!" అన్నాడు కెప్టెన్ శశికాంత్.

"పట్టడం వచ్చు. పరుగెత్తొచ్చని ఇన్నేళ్ళూ ఎవరు చెప్పారు? మళ్ళీ విసరండి!" అంది చాందిని.

ఈసారి గీత దాటేదాకా ఆగలేదు. తిరిగొచ్చి, బంతి అతని చేతిలో పెట్టి, అందరి ముందే తన డిమాండ్లు చెప్పింది:

బంతి నాకూ వేయాలి.

ఆగితే నవ్వకూడదు.

కెప్టెన్‌గారి భార్య అనకుండా, చాందిని అని పిలవాలి.

శనివారం ఇంట్లో వంట మీరు చేయాలి.