ఏడో తరగతి అగ్నిపర్వతం

ఇంకో అరగంటలో గంట కొడతారు. అది కొట్టారంటే ఆ బ్యాచ్‌కి బడితో సంబంధం తెగిపోయినట్టే.

పదకొండు మందీ సైకిల్ షెడ్డులో చేరారు. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా కలిసి ఈదుకొచ్చినవాళ్లు. ఈ పదేళ్లలో అందరూ పెరిగారు, ఎక్కువమంది అడ్డంగా.

అసలు పేర్లు ఒకరివి ఒకరికి సరిగా తెలియవు. మొదటి ఏడాది పెట్టుకున్న ముద్దుపేర్లే స్థిరపడిపోయాయి. జేబులో ఎప్పుడూ గమ్ము సీసా ఉండేవాడు జిగురు. ఏనుగు బొమ్మ వేసినా, బస్సు బొమ్మ వేసినా కొండలాగే వచ్చేది కాబట్టి ఇంకొకడు కొండ. అందరికీ పనులు పురమాయించేది లీడరు.

లీడరు షెడ్డంతా ఓసారి కలయజూసింది. ఈ మూల కొండ. ఆ మూల జిగురు. ఒకప్పుడు ఒకరిని విడిచి ఒకరు ఉండేవాళ్లు కాదు. మూడేళ్లుగా మాటల్లేవు. రేపటి నుంచి ఎవరెక్కడుంటారో. ఇవాళ కలవకపోతే ఇక ఈ జన్మలో కలవరు. లీడరు బెంగంతా అదే.

ముందు పాత సంగతులు తవ్వింది.

"నాలుగో తరగతిలో పది రకాల ఆకులు అతికించి తెమ్మన్నారు, గుర్తుందా?"

ఎందుకు గుర్తుండదు. అందరూ కలిసి పార్కు మీద పడ్డారు. తోటమాలి కర్ర తీసుకుని వెంటపడ్డాడు. చెప్పులు చేత్తో పట్టుకుని మూడు వీధులు పరిగెత్తారు. తీరా చూసుకుంటే అందరి దగ్గరా ఉన్నది ఒకే చెట్టు ఆకు. దాన్నే పదిసార్లు అతికించారు.

"ఆ ఒక్క ఆకుకీ పది పేర్లు పెట్టింది నేనే," అన్నాడు కొండ.

ఆ మూల జిగురు నవ్వబోయి దగ్గు కింద మార్చేశాడు.

"మరి 'మా అమ్మ' వ్యాసం?" అన్నారెవరో.

అది ఆరో తరగతి ముచ్చట. రాసింది లీడరు ఒక్కతే. 'మా అమ్మ చాలా అందంగా ఉంటుంది. ఎప్పుడూ కోప్పడదు. ఆమె గడ్డం మీది పుట్టుమచ్చ చూస్తే నాకు ఆకలి కూడా వేయదు.' మిగతా పదిమందీ పుట్టుమచ్చతో సహా దించేశారు. టీచరు పదకొండు పుస్తకాలూ దిద్ది, 'మీ అందరికీ అమ్మ ఒక్కరేనా?' అని ఎర్ర సిరాతో రాసి పంపింది.

"అయినా అంత మంచి అమ్మ ఎక్కడా ఉండదని కూడా రాసింది టీచరు," అంది లీడరు గడ్డం తడుముకుంటూ.

లెక్కల్లో ఎక్స్ విలువ అడిగితే చాలు, తడిసి ముద్దయ్యేవాడొకడు ఉన్నాడు. వాడి పేరు చెమట. వాడూ ఇవాళ గుండె దిటవు చేసుకున్నాడు.

"నేను రెండేళ్లు చాటుగా ట్యూషన్‌కి వెళ్లాను. కూరగాయలకని సంచి పట్టుకుని వెళ్లేవాణ్ని. ఖాళీ సంచితో వచ్చి, అన్నీ పుచ్చులే ఉన్నాయని చెప్పేవాణ్ని."

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఇంకా పది నిమిషాలుంది. లీడరు ఇక నాన్చలేదు.

"ఏడో తరగతి సంగతి ఎవరూ ఎత్తరేం?"

అందరి కళ్లూ ఓసారి కొండ మీదికీ, ఓసారి జిగురు మీదికీ పోయాయి.

ఆ ఏడాది సైన్స్ ఎగ్జిబిషన్‌కి కొండ అగ్నిపర్వతం చేశాడు. కొండ రావాల్సిన చోట కొండే రావడం అతనికి అదే మొదటిసారి. ఇంట్లో ఎవరి చెయ్యీ తగలకుండా మేడ మీద దాచి, తొమ్మిది రోజులు మట్టి పిసికాడు. ఎర్ర రంగు పోశాడు. దూదితో పొగ పెట్టాడు. పొద్దున్నే తెచ్చి ఇదే షెడ్డులో దించి, పైన అట్ట కప్పి, కత్తెర కోసం లోపలికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి అగ్నిపర్వతం పళ్లెంలా ఉంది.

ఆ రోజంతా జిగురు గోడకి వీపు ఆనించే నిలబడ్డాడు. అడిగితే నడుము పట్టేసిందన్నాడు.

"నేనేమీ అడగను," అన్నాడు కొండ నేలకేసి చూస్తూ. "చెప్పేవాళ్లు చెబితే వింటాను."

జిగురు జేబులోంచి గమ్ము సీసా తీశాడు. మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు.

"కూర్చున్నాను," అన్నాడు.

"ఎక్కడ?"

"దాని మీదే. అట్ట కప్పి ఉంటే స్టూలనుకున్నాను. చెబుదామనే వచ్చాను. నీ మొహం చూశాక నోరు పెగల్లేదు. ఆ ప్యాంటు ఇప్పటికీ ఉంది. ఎర్ర రంగు వదల్లేదు. పారెయ్యబుద్ధీ కాలేదు."

కొండకి మూడేళ్ల కోపం గొంతు దాకా వచ్చింది. ఏం చెయ్యాలో తెలియక అక్కడే ఆగింది.

"ఎంతసేపు కూర్చున్నావు?"

"బూటు లేసు కట్టుకున్నంతసేపు."

"రెండు బూట్లవీనా?"

"రెండు బూట్లవీ."

కొండ ఫక్కున నవ్వాడు. నవ్వుతూనే వెళ్లి జిగురుని గట్టిగా కావలించుకున్నాడు. ఇద్దరూ భోరుమన్నారు. లీడరు ముక్కు చీదింది. చెమటకి ఈసారి కళ్లలో పట్టింది.

"పోతే పోయిందిలే వెధవ అగ్నిపర్వతం," అంటూ కొండ జిగురు వీపు నిమురుతూనే ఉన్నాడు. గంట కొట్టారు.

ఆఖరి పరీక్ష రాసిన పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చారు. వాళ్లలో జిగురు కొడుకు భుజం మీద చెయ్యేసుకుని వచ్చిన కొండ కొడుకు, ఏడుస్తున్న ఆ ఇద్దరినీ ఎగాదిగా చూసి, "ఏ అగ్నిపర్వతం నాన్నా?" అని అడిగాడు.