నాలుగు ఎర్ర పేర్లు

"తాళం తిప్పకండి ఇంజనీర్ గారూ! ఇంకా నాలుగు పేర్లు ఎర్రగానే ఉన్నాయి."

నోర్కా అరిచిన అరుపుకి సల్దీవార్ చెయ్యి గాల్లోనే ఆగింది. పొద్దున్న ఏడుకి ఇంకా పావుగంట ఉంది. రాత్రి షిఫ్టు వాళ్ళు గని అడుగున మందు దట్టించి బయటికొచ్చేశాక, ఎదురు కొండ మీదున్న ఈ గదిలోంచి తాళం తిప్పి పేలుస్తారు. అది పేలి, పొగ తగ్గితేనే పగటి షిఫ్టు దిగేది.

ఎవరు బయటికొచ్చారో చెప్పేది నోర్కా చేతిలో ఉన్న కంప్యూటరు. ఇటుకంత పెట్టె, పైన పసుపు రబ్బరు తొడుగు. బండ మీద పడినా పగలదు, బురదలో మునిగినా చావదు. గని నోటి దగ్గర స్తంభానికి కార్డు తాకిస్తే ఇక్కడ మనిషి పేరు ఎరుపులోంచి పచ్చకి మారుతుంది. ఇదివరకు ఆ పని ఒక కాపలా మనిషి చేసేవాడు. పోయినేడు కంపెనీ వాడి పొట్టకొట్టి ఈ పెట్టె కొంది.

ఆ నలుగురిలో ఒకడు అబిలియో. నోర్కా మొగుడు.

"పెట్టె మొండికేసింది, అంతే. వాళ్ళెప్పుడో వచ్చేసుంటారు," అన్నాడు సల్దీవార్.

"వచ్చేసుంటారా, వచ్చేశారా?"

"అడుగున ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తట్లేదు. అంటే అక్కడ లేరనేగా!"

"లేకపోయినా ఎత్తరు, లేవలేకపోయినా ఎత్తరు. మనిషిని పంపండి."

"కొండ చుట్టి వెళ్ళడానికే అరగంట. పేలుడు ఆలస్యమైతే లిమా హెడ్డాఫీసు వాళ్ళకి నువ్వు చెప్తావా సమాధానం?"

"చెప్తా. ఆరూ ఇరవైకి కొత్త ప్రోగ్రాం పంపి దీన్ని చంపింది వాళ్ళే."

నిజమే. ఆ ప్రోగ్రాం ఎక్కిన క్షణం నుంచి పెట్టెకి స్తంభం కనబడటం లేదు. నోర్కా ఆపి మళ్ళీ వెలిగించింది. బ్యాటరీ ఊడబీకి మళ్ళీ పెట్టింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

మందు పేల్చే హిలారియో బుగ్గన కోకా ఆకు సర్దుకుంటూ తొంగి చూశాడు. "దీనికన్నా బరువులు మోసే మా లామా నయమే తల్లీ. పిలిస్తే తలన్నా తిప్పుద్ది."

"నువ్వు నోరు మూసుకుని ఆ తీగ ఇటివ్వు తాతా."

తీగతో పెట్టెను లాప్‌టాప్‌కి కలిపింది. 'గుర్తు తెలియని పరికరం' అంది లాప్‌టాప్. తీగ మార్చింది. అదే మాట. పెట్టె అడుగున తీగ గుచ్చే చోట, లోహపు పళ్ళ మధ్య నల్లగా ఖనిజం దుమ్ము.

"స్పిరిట్ ఉందా?"

ఇంజనీరు వెతకబోయేలోపు హిలారియో చొక్కాలోంచి చెరుకు సారా సీసా తీశాడు.

"డ్యూటీలో సీసానా?" గుడ్లురిమాడు సల్దీవార్.

"మోకాలి నొప్పికండీ. రుద్దుకుంటా. లోపల్నుంచి."

నోర్కా సారాలో గుడ్డ ముంచి పళ్ళు తుడిచింది. టక్కున శబ్దం. లాప్‌టాప్ పెట్టెను గుర్తుపట్టింది. కొత్త ప్రోగ్రాం పీకేసి పాతది ఎక్కించసాగింది. పది శాతం. ముప్పై. 'చోటు చాలదు.'

"ఏముంది ఇందులో అంతలా?"

కంపెనీ భద్రతా దినోత్సవం ఫొటోలు, రెండొందలు. కొత్త హెల్మెట్లు పెట్టుకుని కేకు కోస్తున్న మేనేజర్లు. అన్నిటినీ ఒక్క దెబ్బకి చెరిపేసింది.

"అయ్యో, అవి..." అన్నాడు సల్దీవార్.

"మనుషులు కావాలా, కేకు కావాలా?"

ఆరూ యాభై అయిదు. అరవై శాతం. ఎనభై. నోర్కా తీగ కదలకుండా వేలితో అదిమి పట్టింది. రాత్రి డ్యూటీకి వెళ్తూ అబిలియో ఏమన్నాడో గుర్తు తెచ్చుకోబోయి మానేసింది. చచ్చినవాళ్ళ మాటలే అలా గుర్తు తెచ్చుకుంటారు.

ప్రోగ్రాం ఎక్కింది. స్తంభం కనబడింది కూడా. కానీ 'అనుమతి లేదు' అంటోంది.

"ఇంకేం రోగం?" సల్దీవార్ తాళం మీద మళ్ళీ చెయ్యి వేశాడు. "ఒక్క నిమిషం ఇస్తా. తర్వాత నీ ఏడుపు నాకనవసరం."

నోర్కా తెరంతా వెతికింది. మూలన చిన్న అంకెలు. తేదీ పన్నెండేళ్ళ కిందటిది. బ్యాటరీ పీకినప్పుడు గడియారం వెనక్కి పోయింది. పన్నెండేళ్ళ కిందటి పెట్టెను ఈనాటి స్తంభం ఎందుకు నమ్ముతుంది? తేదీ దిద్దింది. బొత్తాం నొక్కింది.

చక్రం ఆగింది.

ఒక పేరు పచ్చబడింది. రెండోది. మూడోది. అబిలియో పేరు పచ్చబడింది.

"ఆరూ ఇరవై ఎనిమిదికి నలుగురూ బయటే!" ఆమె తెరను ఇంజనీరు వైపు తిప్పింది.

"చెప్పానా?" సల్దీవార్ చెమట తుడుచుకున్నాడు. సైరన్ మోగింది. తాళం తిరిగింది.

కొండ లోపల గుర్రుమంది. కిటికీ అద్దాలు దడదడలాడాయి. నోర్కా కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. హిలారియో ఆమె తల నిమిరాడు. "ఏడ్చెయ్ తల్లీ, ఇప్పుడు ఏడ్చెయ్. ఏం కాదు."

తలుపు ధడాలున తెరుచుకుంది. అబిలియో. ఒళ్ళంతా బురద, రొప్పుతున్నాడు. నోర్కా పరిగెత్తి వాటేసుకుంది, ఏడుస్తూ, నవ్వుతూ, వీపు మీద గుద్దుతూ.

అతను ఆమెను పట్టుకోలేదు. తిరిగి ఉన్న తాళాన్నే చూస్తున్నాడు. అతని గుప్పిట విచ్చుకుని నాలుగు కార్డులు నేల మీద పడ్డాయి.

"లోపల దార్లోనే బండి చెడిపోయింది... వాళ్ళు బాగుచేస్తూ ఉండిపోయారు... ఆరున్నర దాటితే మస్టరులో హాజరు పోతుందని నలుగురివీ పట్టుకుని నేనొక్కణ్ణే ముందొచ్చి తాకించా... మీకు చెబుదామనే పరిగెత్తా నోర్కా, ముగ్గురూ ఇంకా లోపలే ఉన్నారు."